సలహాలు ఒకటో తారీఖుకి, జీతం పన్నెండో తారీఖుకి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పేపర్లో అప్పుడప్పుడు నెల జీతం ఎట్ల సర్దుకోవాలె, ఖర్చులు ఎట్ల తగ్గించుకోవాలె అని వ్యాసాలు వస్తుంటయి, ఒక్కటి కూడా వదలకుండా చదువుతా, ఎందుకంటే మా ఇంట్ల లెక్కలన్నీ నావే. చదివినప్పుడల్లా ఒకటే అనుమానం వస్తది, ఇవి రాసేటోళ్ళందరికీ జీతం ఒకటో తారీఖు పొద్దున్నే పడ్తదేమో అని. సగం అవసరాలకి, ముప్పై శాతం సరదాలకి, ఇరవై శాతం పొదుపుకి ముందే పక్కన పెట్టుకోండి అంటరు. సరే పెడ్తం. మరి ఆ నెల జీతం పద్దెనిమిదో తారీఖున పడితే అంతవరకు ఏం పక్కన పెట్టాలె సార్?

మా అసొంటోళ్ళకి పైసలు తక్కువ అనేది ఒక బాధ, దానికి ఎట్లనో అలవాటు పడ్డం. వచ్చే తారీఖుకి, కట్టే తారీఖుకి పొంతన లేకపోవడం ఇంకో బాధ, దీని గురించి ఎవ్వరూ రాయరు. ఈ రెండో దాని వల్ల ఉన్న తక్కువ పైసలల్ల కూడా కొన్ని ఉత్తపుణ్యానికి పోతయి, అందుకే ఈ ఉత్తరం, కొంచెం పొడుగైతది, ఏమనుకోకండి.

మాది హనుమకొండ. మా ఆయన ఒక గవర్నమెంట్ ఆఫీసుల, ఏజెన్సీ తరఫున ఔట్‌సోర్సింగ్ కింద డేటా ఎంట్రీ చేస్తడు, నేను ఇంట్ల మిషన్ కుడ్తా, జాకెట్లు, ఫాల్, పీకో. పిల్లలు ఇద్దరు. 2021 జూన్ల పీఆర్సీతో (సర్కారు ఉద్యోగుల జీతాల పెంపు) పాటు ఔట్‌సోర్సింగ్ వాళ్ళకి 15,600, 19,500, 22,750 అని మూడు రేట్లు పెట్టిండ్రు కదా, మా ఆయనది నడిమిది. అండ్ల పీఎఫ్ 1,800, ఈఎస్ఐ ముప్పావు శాతం అంటే 147, వృత్తి పన్ను 150 పోతే చేతికి 17,400 వస్తది. ఇప్పుడు మీ 50-30-20 పెట్టి చూడండి. సగం అంటే 8,700. ఇంటి కిరాయి 5,500, బండి ఈఎంఐ 2,850, ఈ రెండిటికే 8,350 అయిపాయె. మిగిలిన 350 రూపాయలల్ల బియ్యం, పాలు, గ్యాస్, కరెంటు, పెట్రోల్ అన్నీ రావాలె. సరదాల కింద ఉన్న ముప్పై శాతం తీసుకొచ్చి ఇండ్ల కలిపినా కిరాణం కాడికి వచ్చేసరికి ఆగుతది. పొదుపు అనేది ఏమన్న ఉంటే నా మిషన్ మీదనే, అది కూడా పెళ్ళిళ్ళ సీజన్ల, బతుకమ్మకి ముందు, శ్రావణ మాసంల. ఆషాఢంల సగం రోజులు మిషన్ మీద గుడ్డ కప్పే ఉంటది.

తారీఖుల సంగతికి వస్తా. ఇంటి ఓనర్ కి ఐదు లోపల కిరాయి ఇయ్యాలె. బండి ఈఎంఐ ఐదో తారీఖున కట్ అయితది. ఇంతకుముందు ఆదివారం వస్తే, పండగ వస్తే ఒక రోజు జరిగేది, 2021 ఆగస్టు నుంచి ఆ ఆటో డెబిట్ సిస్టం అన్ని రోజులు నడుస్తుంది, సెలవు లేదు పండగ లేదు. అకౌంట్ల పైసలు లేకపోతే వాపసు పోతది, అప్పుడు అటు బ్యాంకు ఒక చార్జీ, ఇటు ఫైనాన్స్ కంపెనీ ఇంకో చార్జీ. అంతా కలిపితే దాదాపు ఒక గ్యాస్ సిలిండర్ పైసలు. కొందరు రెండు రోజులాగి మల్ల ఒకసారి పెట్టి చూస్తరు, అప్పుడు కూడా లేకపోతే మల్ల చార్జీ. అంటే జీతం లేట్ అయినందుకు ఫైన్ కట్టేది జీతం లేట్ చేసినోళ్ళు కాదు, జీతం కోసం ఎదురు చూసేటోళ్ళు. సిబిల్ స్కోరు, అంటే అప్పులు టైంకి కడ్తున్నమా లేదా అని వేసే మార్కు, పడిపోయేది కూడా వీళ్ళదే, రేపు పిల్లల కాలేజీకి లోన్ కావాల్నంటే బ్యాంకోళ్ళు అది తీసి ముంగట పెడ్తరు.

ఫైనాన్స్ కంపెనీ వాళ్ళని ఈఎంఐ తారీఖు పదిహేనుకి మార్చమని అడిగినం, ఒకసారి లోన్ మొదలైనంక మార్చం అన్నరు. కొన్ని కంపెనీలు మారుస్తయంట, కొన్ని మార్చవంట, అది వాళ్ళ వాళ్ళ ఇష్టం లెక్క ఉంది. ఐతే సంతకం పెట్టే ముందు అడిగితే మాత్రం చాలా కంపెనీలల్ల రెండు మూడు తారీఖులు ఉంటయి, అందుల మనది మనం ఎంచుకోవచ్చు. ఈ ఒక్క ముక్క మీ వ్యాసాలల్ల ఎక్కడా నేను చూడలే. వడ్డీ శాతం గురించి పేజీలు పేజీలు రాస్తరు, అరశాతం ఎక్కువ తక్కువ గురించి టేబుళ్ళు వేస్తరు, మా అసొంటి ఇంటికి అరశాతం వడ్డీ కంటే పది రోజుల తారీఖే ఎక్కువ మిగిలిస్తది. ఇంకొకటి, లేట్ ఫైన్ ని అసలుల కలిపి దాని మీద మల్ల వడ్డీ వెయ్యొద్దని రిజర్వ్ బ్యాంకు 2023 ఆగస్టుల రూల్ తెచ్చింది, 2024 ఏప్రిల్ నుంచి అమలు. స్టేట్‌మెంట్ తెప్పించుకోని చూసుకుంటే తప్ప అట్ల కలిపిండ్రా లేదా అనేది తెల్వదు, ఎంతమంది తెప్పించుకుంటరు చెప్పండి.

మరి జీతం ఎందుకు లేట్ అయితది? మా ఆయనని అడిగి అడిగి నాకు ఆ దారంతా నోటికొచ్చింది. నెలాఖరుకి హాజరు పట్టీ మీద ఆఫీసర్ సంతకం కావాలె, అది ఏజెన్సీకి పోవాలె, ఏజెన్సీ బిల్లు చేసి మల్ల ఆఫీసుకి పంపాలె, ఆఫీసు నుంచి ట్రెజరీకి పోవాలె, అక్కడ బడ్జెట్ విడుదల కావాలె, అప్పుడు ఏజెన్సీ అకౌంట్ల పడ్తది, అప్పుడు మా ఆయన అకౌంట్ల. ఈ గొలుసుల ఒక ఆఫీసర్ లీవు పెట్టినా చాలు, పదిమంది ఇండ్లల్ల కిరాయి ఆగుతది. మామూలుగా పన్నెండుకి అట్ల వస్తది, ఒక్కోసారి ఇరవై దాటుతది, ఒక్కోసారి రెండు నెలలది కలిపి పడ్తది. కలిపి పడ్డప్పుడు చూసేటోళ్ళకి ముప్పై వేలు దాటి కనిపిస్తది, అబ్బో అనుకుంటరు, అది పడ్డ సాయంత్రానికే అప్పులోళ్ళకి పోతదని వాళ్ళకి తెల్వదు.

చట్టం ఏమంటదో కూడా తెలుసుకున్న. 1936 నాటి వేతనాల చట్టంలనే, వెయ్యి మంది లోపు ఉన్న చోట ఏడో తారీఖు లోపల, అంతకంటే ఎక్కువ ఉంటే పదో తారీఖు లోపల జీతం ఇయ్యాలె అని ఉంది. బ్రిటిషోళ్ళ కాలంల రాసిండ్రు అది. ఇప్పుడు 2019 వేతనాల కోడ్ వచ్చింది, 2025 నవంబర్ 21 నుంచి అమలు అన్నరు, అండ్ల నెల జీతగాళ్ళందరికీ ఏడో తారీఖే. కాంట్రాక్టర్ ఇయ్యకపోతే పని చేయించుకునే ఆఫీసే ఇచ్చి, తర్వాత కాంట్రాక్టర్ దగ్గర వసూలు చేసుకోవాలె అని 1970 కాంట్రాక్టు లేబర్ చట్టంల ఉండె, కొత్త కోడ్ లల్ల కూడా ఆ మాట ఉంది. అసలు ఏజెన్సీ అనేదాన్ని ఎందుకు పెట్టుకున్నట్టు? బిల్లు పాస్ కాకముందే తన పైసలతో జీతాలిచ్చి తర్వాత తీసుకునే తాకత్ ఉండాలనే కదా కమీషన్ ఇచ్చేది. బిల్లు రాలేదమ్మా మేమేం చేస్తం అంటే, మరి ఆ కమీషన్ దేనికి? హాజరు పట్టీ ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి మోసేటందుకా? ఇది నేను అడిగితే మా ఆయన గట్టిగ మాట్లాడకు అంటడు, ఎందుకంటే లిస్టుల పేరు తీసేయడానికి వాళ్ళకి ఒక్క నిమిషం చాలు.

ఇంకో మాట. నెలకి 19,500 అంటే కాగితం మీద ఏడాదికి 2,34,000. పట్నంల తెల్ల రేషన్ కార్డుకి లిమిట్ రెండు లక్షలు. ఆ ముప్పై నాలుగు వేలతోని మేము కార్డుకి బయట. కార్డు లేదు కాబట్టి మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం లేవు, 500 సిలిండర్ లేదు, 200 యూనిట్ల ఫ్రీ కరెంటు లేదు. మా పక్క పోర్షన్ వాళ్ళకి కార్డు ఉంది, వాళ్ళాయన రోజుకూలీల మేస్త్రి, సీజన్ల మాకంటే ఎక్కువనే సంపాయిస్తడు, వాళ్ళకి ఉండొద్దని నేను అంటలేను, వాన పడితే వాళ్ళకి పని లేదు పాపం. కానీ పీఎఫ్ కటింగ్ కాగితం ఉన్నోడు దొరికిపోతడు, లేనోడు దొరకడు, అట్లుంది. ఆడోళ్ళకి బస్సు ఫ్రీ ఒక్కటే మాకు వచ్చేది, దానికి కార్డుతోని పని లేదు, ఆధార్ చూపెడ్తే చాలు. అది 2023 డిసెంబర్ల వచ్చిన్నుంచి నేను దారాలు, లైనింగ్ గుడ్డలు వరంగల్ చౌరస్తా దాకా పోయి హోల్‌సేల్ల తెచ్చుకుంటున్న, ఆ తేడా నిజంగనే మిగులుతుంది, మంచిని మంచి అనాలె కదా.

కరెంటు గురించి ఒక లెక్క చెప్తా, చాలామందికి తెల్వదు. ఇప్పుడున్న రేట్లల్ల 200 యూనిట్లు కాలిస్తే మొదటి వందకి 3.40, రెండో వందకి 4.80, అంటే 820. అదే 201 అయ్యిందనుకోండి, మొదటి యూనిట్ నుంచే రేటు మారుతది, 200 కి 5.10 చొప్పున, ఆపైన దానికి 7.70, అంటే 1,027.70. ఒక్క యూనిట్ కి రెండు వందల పైన! మిగతా చార్జీలు వేరే. అందుకే ఎండాకాలం కూలర్ నడిచే నెలలల్ల మీటర్ నెల మధ్యలనే చూస్కుంటా, 120 దాటిందంటే ఇక ఐరన్ బాక్స్ బయటికి తియ్యను, పిల్లల యూనిఫాంలు మడతపెట్టి పరుపు కింద పెడ్తా.

ఫోన్ రీఛార్జ్ ది ఇంకో తమాషా. నెల అంటే ముప్పై రోజులో ముప్పై ఒకటో అని లోకమంతా అనుకుంటది, ఫోన్ కంపెనీలకి మాత్రం నెల అంటే 28 రోజులు, ఏడాదికి పదమూడు సార్లు కట్టాలె. రెండు ఫోన్లు. ప్రతిసారి రెండు మూడు రోజులు ముందుకి జరుగుకుంట జరుగుకుంట అది సరిగ్గ మా చేతుల పైసా లేని వారంలకి వచ్చి కూసుంటది. 2022 జనవరిల ఫోన్ కంపెనీలకి రూల్స్ పెట్టే ట్రాయ్ వాళ్ళు ప్రతి కంపెనీ కనీసం ఒకటి ముప్పై రోజుల ప్లాను, ఇంకొకటి ప్రతి నెలా అదే తారీఖున వచ్చే ప్లాను పెట్టాలె అని ఆర్డర్ ఇచ్చిండ్రు. ఉన్నయి అవి, కానీ యాప్ తెరవగానే ముంగట కనిపియ్యవు, కిందికి కిందికి పోయి ఎతకాలె. పదిహేనో తారీఖు ప్లాను దొరికినంక నాకు ఒక తలనొప్పి తగ్గింది.

ఇట్ల ఒక్కొక్కటి జరుపుకుంట జరుపుకుంట ఇప్పుడు మా ఇంట్ల నెల పన్నెండుకి మొదలై పదకొండుకి ఐపోతది. క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతోని కట్టే తారీఖులు, నీలం పెన్నుతోని వచ్చే తారీఖులు రాస్తా. జీతం పడ్డ రోజే వచ్చే నెల కిరాయి, ఈఎంఐ పైసలు వేరే అకౌంట్ల వేసి పెడ్తా, మినిమం బ్యాలెన్స్ గొడవ లేని అకౌంట్ అది, దాని ఏటీఎం కార్డు తీసుకోనే తీసుకోలే. వినడానికి మంచిగనే ఉంటది, కానీ మొదటిసారి అట్ల చెయ్యాల్నంటే ఒక నెల కిరాయి, ఈఎంఐ అదనంగ చేతుల ఉండాలె. అవి ఎక్కడికెల్లి వచ్చినయంటే చిట్టి నుంచి. మా గల్లీల ఇరవై మందిమి, నెలకి వెయ్యి, ఇరవై వేల చిట్టి. రిజిస్టర్ కాని చిట్టి నడిపియ్యొద్దని 1982 చట్టం ఉందని నాకు తెలుసు, రిజిస్టర్ ఐన కంపెనీలల్ల జామీను కింద గవర్నమెంట్ ఉద్యోగి సంతకం కావాలంటరు, అసొంటోళ్ళు మా చుట్టాలల్ల ఎవ్వరూ లేరు. గల్లీ చిట్టిల జామీను అంటే మొఖమే, ఎగ్గొడితే బోనం ఎత్తుకొని ఏ మొఖంతోని బయటికొస్తది.

చిట్టి పాడుకునేది ఎప్పుడనేది కూడా లెక్కే. నేనైతే ఫిబ్రవరి, మార్చిలనే చూస్తా. అప్పుడే ఎనుమాముల మార్కెట్‌కి మిర్చి వస్తది, కారానికి తేజ, రంగుకి చపాటా తీసుకోని ఎండబెట్టి గిర్నిల పట్టిస్తే ఏడాదికి ఐతది. చింతపండు కూడా అప్పుడే. ఇవే కిరాణం షాపుల పావుకిలో పావుకిలో కొంటే ఎంతయితదో ఎప్పుడన్న లెక్కేసి చూడండి. ఒకేసారి ఎక్కువ కొనండి చౌకగ వస్తది అని మీ వ్యాసాలల్ల రాస్తరు, అది నిజమే, ఐతే ఒకేసారి పైసలు ఎక్కడివి అనేదానికి జవాబు కూడా రాయాలె. బియ్యం కూడా అంతే, 26 కిలోల సంచి (25 దాకా ప్యాక్ చేస్తే జీఎస్టీ పడ్తదని 2022 నుంచి మిల్లులోళ్ళు 26 చేసిండ్రు, జనం తెలివి అట్లుంటది) రెండు కలిపి కొంటే ఆటో ఖర్చు మిగులుతది, ఆ రెండో సంచి పైసలు ఉన్న నెల ఏదో చూసుకోవాలె.

ఇగ పెద్ద పెద్ద మార్టులల్ల ఆఫర్ల గురించి. మూడో తారీఖున ఒకటి కొంటే ఒకటి ఫ్రీ అని పెడ్తరు. మూడో తారీఖున మా దగ్గర ఏముంటది? అప్పుడు మేము గల్లీ కిరాణంల ఉద్దెర తెస్తం, అక్కడ ఎమ్మార్పీ మీద పైసా తగ్గియ్యరు, ఉద్దెర తెచ్చేటోళ్ళు బేరం ఆడరు కూడా. నెలకి వంద రెండు వందలు అక్కడ ఎక్కువే పోతయి. ఐనా ఆ సేటుని నేను తిట్టను. నిరుడు జీతం బాగా లేట్ అయినప్పుడు నోట్‌బుక్‌ల రాసుకోని పంపిండు తప్ప ఎప్పుడిస్తవ్ అని ఒక్క మాట అనలే. అదే లోన్ యాప్ ఐతే? ఐదు వేలు అని చెప్పి ప్రాసెసింగ్ అని ఆరు వందలు ముందే పట్టుకోని 4,400 చేతుల పెట్టి పదిహేను రోజులకి ఐదు వేలు కట్టమంటే, ఏడాదికి లెక్కేస్తే మూడు వందల శాతం దాటుతది. 2020 డిసెంబర్‌ల హైదరాబాద్‌ల ఇవే యాప్‌ల మీద కేసులు, అరెస్టులు అయినయి, ప్రాణాలు కూడా పోయినయి, పేపర్లల్ల మీరే రాసిండ్రు. తర్వాత 2022 ల రిజర్వ్ బ్యాంకు రూల్స్ పెట్టింది, మొత్తం ఖర్చు ఏడాది శాతంల ముందే చూపియ్యాలె, మనసు మార్చుకుంటే వాపసు ఇచ్చే టైం ఇయ్యాలె అని. రూల్స్ పాటించేటివి కొన్ని ఉన్నయేమో, ఐతే పదో తారీఖు రాత్రి పాలకి పైసలు లేని మనిషి ఆ శాతం చదువుతదా అనేది నా అనుమానం. మా దగ్గర ఆఖరికి మిగిలేది బంగారమే, నా కమ్మలు ఏడాదిల ఎన్నో నెలలు కుదువలనే ఉంటయి. తక్కువ వడ్డీ కోసం బ్యాంకుకే పోతా, లైన్ల నిలబడినా ఫర్వాలేదు.

సంపాదకులు గారూ, మీ దగ్గర పైసల గురించి రాసేటోళ్ళతోని ఈసారి ఇవి రాయించండి. ఈఎంఐ తారీఖు ఏ బ్యాంకు మారుస్తది, ఏది మార్చదు, ఎట్ల దరఖాస్తు పెట్టాలె అనేది ఒక పేజీ వెయ్యండి. ఏడో తారీఖు దాటినంక జీతం రాకపోతే లేబర్ ఆఫీసుల ఏ కాగితం మీద, ఎవరికి, పేరు బయటపడకుండా ఫిర్యాదు ఇయ్యొచ్చా లేదా, ఇస్తే ఏమైతది, ఇంతకుముందు ఇచ్చినోళ్ళకి ఏమైంది, అది మీ రిపోర్టర్లని పంపి కనుక్కోండి. టెండర్ పిలిచేటప్పుడే ఏజెన్సీ రెండు నెలల జీతాలు ముందుగ డిపాజిట్ పెట్టాలె, ఏడు దాటితే రోజుకింత అని ఏజెన్సీ కమీషన్‌లకెల్లి కోసి పనోళ్ళకి ఇయ్యాలె అని షరతు పెడితే తప్పేముంది? మేము ఒక్క రోజు లేట్ అయితే మా దగ్గర కోస్తలేరా. స్కూళ్ళోళ్ళకి కూడా చెప్పండి, టర్మ్ ఫీజుకి పదో తారీఖు ఆఖరు అని పెట్టే బదులు ఇరవై అని పెడితే వాళ్ళకి పోయేదేమీ లేదు, సగం మంది తల్లిదండ్రులు ప్రైవేటు ఉద్యోగాలోళ్ళే.

ఈ ఉత్తరం వేస్తే పేరు మాత్రం వెయ్యకండి, దండం పెడ్తా. మా ఆయన ఏజెన్సీ వాళ్ళు కూడా పొద్దున్నే మీ పేపరే చదువుతరు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
హనుమకొండ